రికార్డులో లేని జారుడు

కంఠేశ్వర్‌లో కొందరు కుర్రాళ్లు పాత ఇంగ్లీషు రికార్డులు వినడానికి ఒక సంఘం పెట్టుకున్నారు. నన్ను పిలిచారు, పోయాను. పోకుండా ఉండాల్సింది. ఒక పిల్లల డాక్టరు క్లినిక్కు పైన గది, గోడలకు మెత్తలు, నలుగురికీ గడ్డాలు, మధ్యలో దేవుణ్ణి కూర్చోబెట్టినట్టు రికార్డు ప్లేయరు. చెప్పులు బయటే విడవమన్నారు. నేను కూర్చోకముందే ఒకడు ఫోను తెచ్చి నా మూతి ముందు పెట్టి, "ఆ రోజుల్లో బోధన్‌లో ప్రోగ్రెసివ్ రాక్ విన్న అనుభవాన్ని మాతో పంచుకోండి సార్" అన్నాడు. పంచుకోవడానికి అదేమన్నా పులిహోరా? ఈ పంచుకోవడమనే మాట ఎవడు కనిపెట్టాడో గాని నాకు వింటేనే ఒళ్లు మండుతుంది.

పిలవడానికి కారణం నేనెప్పుడో రాసిన వ్యాసం. ఒక ఇంగ్లీషు గుంపు చేసిన రికార్డు గురించి నాలుగు పేజీలు రాశాను. జాజ్ నేర్చిన శాక్సఫోన్ మనిషి ఒకడు రాక్ వాయించేవాళ్లతో కలిసి చేసిన రికార్డు అది. అందులో శాక్సఫోన్ ఒక స్వరాన్ని పట్టుకొని చాలాసేపు నిలబడుతుంది, నిలబడినట్టే నిలబడి ఉన్నట్టుండి కిందికి జారుతుంది, మళ్లీ మెల్లగా లేచి తన చోటికి వస్తుంది. ఆ జారుడులోనే ఆ సంగీతం ప్రాణమంతా ఉందని, అట్లా పడి లేచే ధైర్యం మన పాటగాళ్లకు లేదని రాశాను. ఈ కుర్రాళ్లకు ఆ పాత పత్రిక ఎక్కడో దొరికిందట. ఆ జారుడు నా పక్కన కూర్చొని వినాలని వాళ్ల కోరిక.

రికార్డు పెట్టారు. మొదటి దెబ్బకే నాకు గుండె కొట్టుకుంది, అబద్ధం చెప్పను. శాక్సఫోన్ వచ్చింది, స్వరం పట్టుకుంది, నిలబడింది. నేను వేలు పైకెత్తి "ఇగో, ఇప్పుడు" అన్నాను. జారలేదు. గోడకు కొట్టిన మేకులా తిన్నగా ఉండి ఆగిపోయింది. ఇంకో పొడుగు స్వరం వచ్చింది, అదీ తిన్నగానే పోయింది. మీ రికార్డు అరిగిపోయింది అన్నాను. వాళ్లు అదే పాట ఉన్న ఇంకో రికార్డు తీశారు, తర్వాత ఫోన్లో పెట్టారు. ఎక్కడా జారలేదు. గట్టిగానే అరిచానేమో, కింది నుంచి క్లినిక్కు కంపౌండరు వచ్చి చూసిపోయాడు. చివరికి ఒక గడ్డం అబ్బాయి ఎంతో మెత్తగా, "మీకు వేరే పాట ఏదైనా గుర్తుండి ఉంటుంది సార్" అన్నాడు. వాడు తిట్టినా బాగుండేది. టీ తాగకుండా లేచి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది, ఆ జారుడు రికార్డులో లేదని యాభై ఏళ్ల కిందే నాకు ఒక మనిషి చెప్పాడని. చెప్పింది మా నాన్న, బాపు. దానికి నేనేం జవాబిచ్చానో ఈ జ్ఞాపకాల్లో ఇన్నాళ్లూ రాయలేదు. నన్ను కన్న అవ్వ గురించి రాశాను, కాలువ గురించి రాశాను, నలుగురూ మెచ్చుకునేవన్నీ రాసుకున్నాను. ఇది మాత్రం దాటేస్తూ వచ్చాను.

మేమప్పుడు బోధన్ అవతల, నిజాంసాగర్ కాలువ పక్కన, ఒక పటేల్ ఖండసారి చక్కెర మిల్లు దగ్గర ఉండేవాళ్లం. పెద్ద ఫ్యాక్టరీ కాదు. ఒక రేకుల షెడ్డు, ఒక డీజిల్ ఇంజను, చెరుకు నలిపే క్రషరు, వరసగా రసం కాగే కడాయిలు. చెరుకు రసం కాగే వాసన గురించి ఈ మధ్య అందరూ తియ్యతియ్యగా రాస్తున్నారు. రాసేవాళ్లలో ఒక్కడైనా వచ్చి ఒక సీజను మా ఇంట్లో పడుకోవాల్సింది. రసం తెల్లబడడానికి గంధకం పొగ పెట్టేవాళ్లు. ఆ పొగా, బెల్లం ఆవిరీ, కుప్పలుగా పోసిన తడి పిప్పి పులిసిన వాసనా కలిసి బట్టలకు, జుట్టుకు, అన్నానికి పట్టేవి. బడికి పోతే నా పక్కన కూర్చున్నవాడు జరిగి కూర్చునేవాడు. అవ్వ ఉతికిన బట్టలు బయట ఆరేయకుండా ఇంట్లో పొయ్యి మీదుగా తాడు కట్టి ఆరేసేది, దాంతో వాటికి పొగ వాసన కూడా తోడయ్యేది.

బాపు పని క్రషరుకు చెరుకు పెట్టడం. మోపు విప్పి, గడలు సర్ది, రోలర్ల మధ్యకు తోయాలి. పొద్దున పోతే పొద్దుగూకేదాకా అదే. చెరుకు ఆకు కోసి చేతులన్నీ గీతలు పడేవి. సాయంత్రం అవ్వ నూనెలో పసుపు కలిపి రెండు చేతులకూ రాసేది. అది ఆరేదాకా బాపు చేతులు గాలిలో పెట్టుకొని కూర్చునేవాడు, ఎందుకంటే తర్వాత క్లారినెట్ పట్టాలి. పెళ్లిళ్ల కాలంలో ఆయన బోధన్ ఖాసిం మాస్టర్ బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. క్లారినెట్ మూతికి బిగించే వెదురు రీడు నానడానికి దాన్ని నోట్లో పెట్టుకునేవాడు. ఆయన నోటిలో రీడు ఉందంటే జవాబు చెప్పలేడని అవ్వకు తెలుసు, ఆ రోజు తిట్లన్నీ ఆ సమయానికే దాచిపెట్టేది. ఆయన తల ఊపుతూ వినేవాడు. ఆయనకు అన్నీ చెవులే. రోడ్డు మీద బండి పోతుంటే ఎడమ చక్రానికి కందెన లేదనేవాడు, పోయి చూస్తే లేకపోయేది. మిల్లులో ఇంజను గొంతు మారితే మెకానిక్కు కంటే ముందు ఈయనే తలెత్తేవాడు. దాన్ని ఎవరూ విద్య అనుకోలేదు. నేను అసలే అనుకోలేదు.

పటేల్ కొడుకు ప్రతాప్. ఆయన గురించి ఒక్క మంచి ముక్కయినా రాయాలని కూర్చుంటాను, కలం కదలదు. హైదరాబాద్‌లో చదువు సగంలో ఆపి, ఒక ట్రంకు నిండా ఇంగ్లీషు రికార్డులతో తిరిగొచ్చాడు. సికింద్రాబాద్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఊరు విడిచిపోతూ అమ్ముకుంటే కొన్నాడట. ఊళ్లో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి పటేల్ తన బంగళాకు మిల్లు ఇంజనుకే డైనమో బిగించుకున్నాడు. అంటే క్రషరు తిప్పేదీ బంగళాలో దీపాలు వెలిగించేదీ ఒకే ఇంజను. ప్రతి ఐతారం, అంటే ఆదివారం, మధ్యాహ్నం ప్రతాప్ మా ముగ్గురు నలుగురు కాలేజీ పిల్లలను పిలిచి రికార్డులు వినిపించేవాడు. నేను క్లారినెట్ సాధన చేస్తుంటే విని నన్నూ పిలిచాడు. నాకప్పుడు పద్దెనిమిది. ఆ గదిలో కుర్చీ మీద కూర్చోవడమే నాకొక పెద్ద హోదా.

ఆ సంగీతం మాత్రం నిజంగా గొప్పది. ఇప్పటికీ అంటాను, ఈ గడ్డాల సంఘం మీద ఎంత కోపమున్నా అంటాను. రికార్డు ఒక వైపంతా ఒకటే పాట. ఐదు నిమిషాలు గడిచినా ఎవరూ నోరు విప్పరు. డ్రమ్ముల మనిషి ఏడు దెబ్బల లెక్కన, నాలుగూ మూడుగా కొడుతూ పోతుంటాడు. ఆర్గాన్ మనిషి ఆ లెక్కతో తనకేం పని లేనట్టు తన దారిన పోతుంటాడు. ఎక్కడో ఒక దెబ్బ మీద ఇద్దరూ కలుస్తారు. ఆ కలిసే చోటు ఎప్పుడొస్తుందా అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాణ్ణి, ఎన్ని వారాలు విన్నా నా లెక్క ఒక దెబ్బ తప్పేది. అప్పుడు శాక్సఫోన్ వస్తుంది. అది చెప్పదలుచుకున్నది తిన్నగా చెప్పదు. చెప్పబోయి ఆగుతుంది, పక్కదారి పడుతుంది, మనం మరిచిపోయాక వెనక నుంచి వచ్చి చెబుతుంది. పాటంటే ముందు పల్లవి, తర్వాత చరణం అనుకొని పెరిగిన నాకు ఒక మనిషి ఊపిరికి ఇంత స్వేచ్ఛ ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఆ పొడుగు స్వరాల మీదే జారుడు వచ్చేది. ఒక ఐతారం ఈ స్వరం మీద, ఇంకో ఐతారం ఆ స్వరం మీద. ఒక రోజు రెండుసార్లు, ఒక రోజు నాలుగుసార్లు. ప్రతాప్ కళ్లు మూసుకొని, "సూసిన్రా, గొప్ప రికార్డు ఎప్పటికప్పుడు కొత్తగ ఇనవడ్తది. గది అందరికి సమజ్ గాదు" అనేవాడు. మేం తలలూపేవాళ్లం. ఒకే రికార్డు వారానికొక చోట జారుతుంటే, తప్పు రికార్డుది కాదని ఐదేళ్ల పిల్లకైనా తోచాలి. మాకు తోచలేదు, ఎందుకంటే మేం సంగీతం తెలిసినవాళ్లం. కిటికీ అవతల, వంద అడుగుల దూరంలో క్రషరు నడుస్తుండేది. ఆ చప్పుడుకు ప్రతాప్ మొహం చిట్లించి కిటికీ వేయించేవాడు. ఒకసారి పెళ్లి బ్యాండు మాట వస్తే, "గది సంగీతమార? డబ్బాల రాళ్లేసి ఊపుడు" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కిటికీ అవతల చెరుకు పెడుతున్నది మా బాపేనని ఆ గదిలో అందరికీ తెలుసు.

మాఘమాసంలో మాక్లూర్‌లో ఒక పెళ్లికి ఖాసిం మాస్టర్ బ్యాండు పోయింది. ఆ బ్యాండులో ఒక ఆచారం ఉండేది. కొత్తగా చేరినవాడి మొదటి వాయింపు బారాత్ ఊరేగింపులో కాదు, అప్పగింతల దగ్గర. బారాత్‌లో నువ్వు తప్పు ఊదినా డ్రమ్ములు కప్పేస్తాయి. అప్పగింతల దగ్గర డ్రమ్ములుండవు, క్లారినెట్ ఒక్కటే. తల్లి బిడ్డను పట్టుకొని ఏడుస్తుంటుంది. వాయించేవాడు ఆ ఏడుపుకు దారివ్వాలి గాని అడ్డం రాకూడదు. అది చేయగలిగినవాణ్ణే మాస్టర్ బ్యాండులోకి తీసుకునేవాడు. బాపు మూడేళ్లుగా అడిగితే మాస్టర్ ఆ ఏడు ఒప్పుకున్నాడు. బాపు తన క్లారినెట్టే నా చేతికిచ్చి, కొత్త రీడు తానే నానబెట్టి బిగించి, "పిల్లను చూడకు బిడ్డ. చూస్తే ఊపిరి నిలువదు. నేల చూసుకుంట ఊదు" అని చెప్పాడు.

నేను నేల చూడలేదు. నాకు ఆ పాత వరసలంటే అప్పటికే చులకన. రెండు వరసలు మామూలుగా ఊది, మూడోదానికి శాక్సఫోన్ పొడుగు స్వరం అందుకున్నాను. నిలబెట్టాను, నిలబెట్టి పెదవి వదులు చేసి జార్చాను. నెలలు సాధన చేసిన జారుడు. చక్కగా వచ్చింది కూడా. ఆడవాళ్లు ఏడుపు ఆపి నావైపు చూశారు. ఎవరి పిల్లవాడో కిసుక్కున నవ్వాడు. పెళ్లికూతురు కూడా తలెత్తి చూసింది. నేను ఇంకోసారి జార్చాను. పిల్ల మేనమామ వచ్చి క్లారినెట్ గొట్టం పట్టుకున్నాడు.

"పిల్ల పోతాంటె పరాచకాలార?" అన్నాడు.

బాపు నా చేతిలోంచి క్లారినెట్ తీసుకున్నాడు. నేను వదిలిన స్వరం దగ్గరే అందుకొని, దాన్ని మెల్లగా తిప్పి, వాళ్లకు తెలిసిన వరసలోకి తెచ్చాడు. తల్లి మళ్లీ ఏడ్చింది. పిల్ల బండెక్కింది. ఇప్పుడు తలుచుకుంటే, ఇరవై ఏళ్లు జాజ్ నేర్చినవాడు కూడా నడి స్వరంలో అట్లా అందుకోగలడా అనిపిస్తుంది. అప్పుడు నాకనిపించింది ఒక్కటే, నా పాటను చెడగొట్టాడని.

తిరుగు బస్సులో ఖాసిం మాస్టర్ వెనక్కి నావైపు తిరిగి, "క్యా రే గంగాధర్, ఆడపిల్లను సాగనంపెకాడ నా ఇజ్జత్ తీసినవ్ గదరా" అన్నాడు. నేను ప్రతాప్ దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కలూ వల్లించాను. ఇది లండన్‌లో చేసిన సంగీతమని, ఆ జారుడు మామూలువాళ్లకు అర్థం కాదని చెప్పాను. బాపు నా పక్కనే కూర్చున్నాడు. నా మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా అన్నాడు.

"మంచిగనే ఊదినవ్ బిడ్డ. గని గా జారుడు రికార్డుల లేదు. గది నేను మోపు పెట్టినప్పుడు ఇంజను గుంజుకునుడు. దొడ్డు మోపు వడ్డదనుకో, ఇంజను జరంత ఆగుతది, కరెంటు దిగుతది, రికార్డు నిదానం అయితది. ఐతారం ఐతారం ఇంటున్న గద నేను. మోపు లోపలికి పోంగనె మల్ల లేస్తది."

బస్సులో ఎవరో నవ్వారు. నా మొహం కాలిపోయింది. నేను ఆయన చెయ్యి తోసేసి అన్న మాటలు ఇవి, అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"నువ్వు చెరుకు పెట్టెటోనివి. చెరుకు పెట్టుడు ఎరుక నీకు. పెండ్లిల్ల పీపి ఊదుకుంట తిరిగెటోనికి గా పాటలెట్ల తెలుస్తయ్? మల్ల నా ముంగట సంగీతం మాట తియ్యకు."

బ్యాండు మనుషులు పది మంది విన్నారు. ఖాసిం మాస్టర్ కిటికీలోంచి బయటికి చూశాడు. నన్ను చెంప మీద కొట్టాల్సింది, ఒక్కడూ కొట్టలేదు. బాపు క్లారినెట్ పెట్టె తెరిచి, ముక్కలు ఒక్కొక్కటీ విడదీసి, గుడ్డతో తుడిచి మళ్లీ సర్దుకున్నాడు. "సరె" అన్నాడు.

మరుసటి ఐతారం బంగళాలో రికార్డు జారలేదు. శాక్సఫోన్ మొదటి నుంచి చివరిదాకా తిన్నగా పోయింది. ప్రతాప్ రెండుసార్లు పెట్టి చూసి, సూది అరిగిందన్నాడు. తర్వాతి ఐతారమూ జారలేదు. నాకు ఏడుపొచ్చింది. ఉన్న ఒక్క గొప్ప సంగీతమూ చేతిలోనే పాడైపోయింది అనుకున్నాను. ప్రతాప్ కొత్త సూది కోసం హైదరాబాద్‌కు మనిషిని పంపాడు. ఆ రోజు బయటికి వస్తుంటే షెడ్డు దగ్గర, కూలీల మీద పెత్తనం చేసే మిల్లు ముకద్దం గొంతు వినిపించింది. బాపును నిలబెట్టి అడుగుతున్నాడు.

"ఏం సాయిలు, చేతులు వడిపోయినయా? నాలుగు నాలుగు గడలు వెడ్తున్నవ్. బయట బండ్లు లైను కట్టినయ్. ఐతారం పగటిపూట అయితె చాలు, నీకేమొస్తది?"

"జర సేపాగితె జోరు వెడ్త సాబ్" అన్నాడు బాపు.

ప్రతాప్ నా వెనకే ఉన్నాడు. "మీ బాపుకు వయసయిందిరా" అన్నాడు. నేను తల దించుకొని వేరే దారిన ఇంటికి పోయాను. మూడో ఐతారం కూడా అదే వరస నడిచింది. మరునాడే ముకద్దం బాపును క్రషరు మీద నుంచి తీసేసి, ఆడవాళ్లతో పాటు పిప్పి ఎండబోసే పనికి వేశాడు. ఇరవై ఏళ్లు క్రషరు దగ్గర నిలబడ్డ మనిషి. అవ్వ ముకద్దాన్ని తిట్టింది, నేను బాపును తిట్టుకున్నాను. ఒళ్లొంచకపోతే తీసెయ్యరా మరి అని.

కంఠేశ్వర్ మెట్లు దిగుతూ ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకున్నాను. ఆయన నాతో వాదించలేదు. నేను బంగళాలో కూర్చునే ఆ రెండు గంటలూ, ఐతారం ఐతారం, మోపు పలచగా చేసి నాలుగు నాలుగు గడలు పెట్టి, ఇంజను గుంజుకోకుండా కాశాడు. ముకద్దం నోట పడి మరీ కాశాడు. లండన్ మనిషి ఊదింది ఊదినట్టు తన కొడుకు ఒక్కసారైనా వినాలని. ఆ మూడు ఐతారాలే నేను ఆ రికార్డును సరిగ్గా విన్నది. ఆ మూడు ఐతారాలే నాకు నచ్చలేదు. తర్వాత నాలుగు పేజీల వ్యాసం రాసి, ఇంజను దమ్మును మెచ్చుకొని పేరు తెచ్చుకున్నాను. బాపు మీద కూడా నాకు కోపమే. ఇంకొక్కసారి నోరు తెరిచి చెప్పి ఉండొచ్చు గదా, నేను తియ్యొద్దంటే మాత్రం నిజంగానే తియ్యకూడదా? మళ్లీ నా ముందు ఆయన సంగీతం మాట తియ్యలేదు, పోయేదాకా తియ్యలేదు. నన్ను చూసి నాకు అసహ్యం వేసినంతగా ఆ ప్రతాప్‌ను చూసి కూడా వెయ్యలేదు.

బాపును పిప్పి పనికి వేసిన వారమే, నాలుగో ఐతారం, హైదరాబాద్ నుంచి కొత్త సూది వచ్చింది. క్రషరు దగ్గర కొత్తగా వేసిన పడుచువాడు దొడ్డు దొడ్డు మోపులు తోస్తున్నాడు. ప్రతాప్ సూది బిగించి రికార్డు పెట్టాడు. మొదటి పొడుగు స్వరమే జారి లేచింది. మేమంతా చప్పట్లు కొట్టాం. నేను ఇంటికి పరుగెత్తుకొని పోయాను. బాపు అప్పుడే పిప్పి పని నుంచి వచ్చి, ఒంటి నిండా దుమ్ముతో, గడపలో కూర్చొని అన్నం తింటున్నాడు.

"రికార్డు బాగయింది బాపు" అన్నాను. "తప్పు సూదిది. నువ్వన్నది కాదు. ఇయ్యాల నాలుగు సార్లు జారింది."

బాపు ముద్ద కలుపుతూ ఆగాడు. షెడ్డువైపు ఒకసారి చూశాడు.

"మంచిగ ఇనవడ్డదా?" అన్నాడు.

"మస్తు మంచిగ ఇనవడ్డది."

"అయితె మంచిదే బిడ్డ" అని, మళ్లీ అన్నం తినసాగాడు.